‘అందువల్ల’ దగ్గర ఆగిపోయిన పోస్టుకి 41 ఓట్లు

మీరు అడిగింది ఇది: “చదవకుండానే ఓట్లు వేసే బాట్ల వల్ల కంటెంట్ సైట్లలో నమ్మకం నిజంగా పోతుందా? బాగా రాసేవాళ్లనే కదా అందరూ ఆ లిస్టులో పెట్టుకునేది, మరి నష్టం ఎవరికి? నేనూ ఒక ఆటో ఓటర్ పెట్టుకోనా?”

పోతుంది. (బాట్ అంటే మనిషి బదులు తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం. ఆటో ఓటర్ అంటే మనం ఇచ్చిన లిస్టులోని వాళ్లు ఏది రాసినా మన పేరున ఓటేసే బాట్.) కాకపోతే, చెత్త పైకి తేలి మంచి రాతలు కింద పడిపోతాయి అని అందరూ చెప్పే కారణం ఒక్కటే కాదు. అదీ జరుగుతుంది కానీ, నాకు తగిలిన దెబ్బ వేరు. అలాంటి ఒక సైట్‌లో నాలుగేళ్లు రాశాను. పేరు చెప్పను, అక్కడివాళ్లతో నాకేమీ తగవు లేదు. బాట్ ఓట్లు తీసుకున్నాను, రెండేళ్లపాటు నేనే బాట్ పెట్టి ఓట్లు వేశాను కూడా. కాబట్టి ఒకళ్లని తిట్టే హక్కు నాకు పెద్దగా లేదు.

నేను రాసేది ఆకాశం గురించి. గ్రహణాలు, తోకచుక్కలు, అలాంటివి. ఒకసారి “ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం ఎందుకు రాదు” అని రాశాను. వేరేచోట టైప్ చేసుకుని తెచ్చి అతికించేటప్పుడు సగమే కాపీ అయింది. నేను చూసుకోలేదు. పోస్టు చివర ఇలా ఉంది: “చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దారి, భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందువల్ల”. అంతే, ఫుల్‌స్టాప్ కూడా లేదు.

పావుగంటలో 41 ఓట్లు పడ్డాయి. ఈసారి బాగా కుదిరింది అనుకుని హాయిగా పడుకున్నాను. రెండో రోజు సాయంత్రం ఒక కామెంట్ వచ్చింది: “అందువల్ల ఏమిటండీ?”

ఏదో వెటకారం అనుకున్నాను మొదట. పోస్టు తెరిచి కిందిదాకా చూశాక గానీ అర్థం కాలేదు. ఆ అడిగినావిడ ఖాతా కొత్తది, ఆమె ఓటు బరువు, అంటే ఆ ఓటుతో రాసినవాళ్లకి వచ్చే రాబడి, దాదాపు సున్నా. పైగా ఆమె ఓటు వేయలేదు కూడా. ఎందుకు వేస్తారు, సగమే ఉంటే! మిగతా సగం అతికించి, క్షమించమని రాశాను. (అందువల్ల చాలా పౌర్ణములకి చంద్రుడు భూమి నీడకి కాస్త పైనుంచో కిందనుంచో తప్పించుకుని వెళ్లిపోతాడు. మీరూ అడుగుతారని చెప్పేస్తున్నాను.) ఓట్లు 42 అయ్యాయి.

ఆ రాత్రి కూర్చుని నా పాత పోస్టులన్నిటికీ ఓట్ల లిస్టు తెరిచాను. అవే పేర్లు, దాదాపు అదే వరసలో, పోస్టు పెట్టిన అయిదో నిమిషంలో కొందరు, పదిహేనో నిమిషంలో కొందరు. నేను తెల్లవారుజామున పెట్టినా అంతే, మధ్యాహ్నం పెట్టినా అంతే. వాటి మధ్యలో నిజంగా చదివి వేసినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లెవరో విడదీయడం నా వల్ల కాలేదు. బాట్ ఓటు చేసే అసలు నష్టం అక్కడుంది. అది తన ఓటుతో ఆగదు, పక్కనున్న నిజమైన ఓటుని కూడా అనుమానంలో పడేస్తుంది. అది కూడా వెనక్కి, ఏళ్ల వెనక్కి పాకుతుంది. ఒకప్పుడు నాకు చాలా ధైర్యం ఇచ్చిన ఒక పోస్టు ఉండేది, శని వలయాల మీద. దాని ఓట్లు కూడా మళ్లీ లెక్కపెట్టుకున్నాను. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

జనం ఈ బాట్లు ఎందుకు పెడతారో తెలియకపోతే వాళ్లంతా మోసగాళ్లని అనిపిస్తుంది. అందరూ కాదు. ఓటుకి డబ్బు ముడిపెట్టిన చోట ఇది దాదాపు తప్పదు. బాగా తెలిసిన ఉదాహరణ 2016లో మొదలైన స్టీమ్ (Steem), రాతలకీ ఓట్లకీ క్రిప్టో డబ్బు ఇచ్చే వేదిక. అక్కడ పోస్టుకి పడ్డ ఓట్లను బట్టి ఏడు రోజుల తర్వాత రాసినవాళ్లకి రాబడి వచ్చేది, అందులో కొంత వాటా ఓటు వేసినవాళ్లకీ పోయేది. పూర్తి బలంతో వేసిన ఒక్కో ఓటుకి ఓటింగ్ పవర్ (మన ఖాతాకి ఓటు వేసే బలం) 2 శాతం తగ్గుతుంది, రోజుకి 20 శాతం మళ్లీ నిండుతుంది. అంటే రోజుకి పది ఓట్లు. వాడుకోకపోతే 100 దగ్గర నిండిపోయి ఆగిపోతుంది, ఆ రోజు వాటా వృథా. మరి రోజూ పది మంచి పోస్టులు వెతికి, చదివి, ఓటేసే తీరిక ఎవరికుంటుంది? ఆ పని మెషీన్‌కి అప్పగించడం ఎంత సహజమో చూడండి.

దాని వెనకే అమ్మకం వచ్చింది. డబ్బు పంపితే, ఎంత పంపామో దానికి తగ్గట్టు పెద్ద ఓటు వేసే బాట్లు పుట్టాయి. పది ఓట్లని ఇరవైనాలుగు గంటలకి పంచితే ప్రతి 2.4 గంటలకి ఒకటి వస్తుంది కదా, సరిగ్గా ఆ లెక్కనే వేలం రౌండ్లు నడిచేవి. దాంతో ట్రెండింగ్ పేజీ ఎక్కువ భాగం ప్రకటనల పేజీ అయిపోయింది. తొందరపడి ఓటేసేవాళ్లకి వాటా తగ్గించే నిబంధన కూడా ఉండేది. ఆ గడువు మొదట 30 నిమిషాలు, 2018లో 15కి, 2019లో 5కి దించారు. చదవడానికి మనుషులకి కాస్త టైమ్ దొరుకుతుందని ఆ నిబంధన వెనక ఆశ. కానీ ఎదురుచూడటంలో మనిషి బాట్‌తో పోటీపడగలడా? బాట్‌కి విసుగు రాదు కదా. 2019లోనే ఓటు వేసినవాళ్ల వాటాని 25 నుంచి 50 శాతానికి పెంచారు, తప్పుడు ఓట్లని కొట్టేయడానికి కొన్ని డౌన్‌వోట్లు ఉచితంగా ఇచ్చారు. కొన్న ఓట్ల గోల తగ్గింది. చదవకుండా వేసే ఓటు మాత్రం ఎక్కడికీ పోలేదు.

నా సంగతికొస్తే, నేను ఉన్నదీ ఇలాంటి లెక్కలున్న చోటే. ఒక నెల పని ఎక్కువై, పవర్ వృథా అవుతోందన్న టెన్షన్‌తో ఆటో ఓటర్‌లో 14 పేర్లు పెట్టుకున్నాను. అందరూ నాకు నచ్చినవాళ్లే. ఒక నెల అనుకున్నది రెండేళ్లయింది. ముందు వారానికొకసారి వెళ్లి చదివేవాణ్ని. తర్వాత అదీ లేదు, ఓటు పడుతోంది కదా అన్న ధీమా. ఒకావిడ మెసేజ్ పెట్టారు: “నేను ఏది రాసినా మీరు చదువుతారు, దీని మీద మీ అభిప్రాయం చెప్పండి” అని. గబగబా చదివి ఏదో రాశాను. ఆ జవాబు రాసేటప్పుడు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. కానీ బాట్ మాత్రం ఆపలేదు, అదీ నిజం.

ఆపించింది ఇంకో సంఘటన. ఆ 14 మందిలో ఒకరు కొన్ని నెలలుగా వేరేవాళ్ల వ్యాసాల్ని మాటలు అటూ ఇటూ మార్చి పెడుతున్నారు. ఎవరో పట్టుకున్నారు, ఓటేసినవాళ్ల పేర్లన్నీ కింద పెట్టారు. నా పేరు 23 పోస్టుల కింద ఉంది. “ఖగోళం మీద అంత జాగ్రత్తగా రాసే మీరు దీనికెలా ఓటేశారు?” అని నన్నే నేరుగా అడిగారు. “నేను చదవలేదు” అనడం తప్ప వేరే జవాబు లేదు. ఆ మాట అన్నాక నేను అంతవరకూ వేసిన ప్రతి ఓటూ ఏమైపోయిందో మీరే ఊహించుకోండి. నేను చేతితో వేసినవి కూడా పోయాయి.

మీ ప్రశ్నలో “బాగా రాసేవాళ్లకే కదా” అన్న మాట ఉంది. నా స్నేహితుడూ ఇదే అంటాడు: పత్రికకి చందా కట్టినప్పుడు ప్రతి సంచికా చదివే కట్టామా, నమ్మి కట్టాం, ఇదీ అంతే. సగం ఒప్పుకుంటాను. కానీ చందా అంటే “ఈ మనిషి మీద నాకు గురి ఉంది” అని చెప్పడం. ఓటు అంటే “ఇది చదివాను, బాగుంది” అని చెప్పడం. మొదటిది చెప్పాలనుకుంటే ఫాలో బటన్ ఉంది. ఒకటి చెప్పాల్సిన చోట ఇంకొకటి చెబితే వినేవాళ్లు మోసపోతారు, చెప్పేవాళ్లకి మోసం చేసిన భావన కూడా ఉండదు. అందుకే దొంగ ఖాతాల బాట్ల కంటే స్నేహితుల బాట్లే ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది నాకు. 2009లో టైమ్ పత్రిక ప్రభావశీలుర ఆన్‌లైన్ పోల్‌ని ఫోర్‌చాన్ జనం ప్రోగ్రాములతో ముంచెత్తి, తమ సైట్ పెట్టిన క్రిస్టొఫర్ పూల్‌ని మొదటి స్థానంలో నిలబెట్టారు. అది చాలక, వరసగా ఉన్న పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వాళ్ల సొంత జోక్ ఒకటి వచ్చేట్టు అమర్చారు! పోల్ పరువు పోయింది, లోకం నవ్వుకుంది. కానీ దానివల్ల ఎవరూ తమ పాఠకుల్ని అనుమానించలేదు.

తొలి ఓట్లు ఎక్కడ పడ్డాయన్నది మామూలు విషయం కాదని పరిశోధన కూడా ఉంది. 2013లో సైన్స్ పత్రికలో లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక వార్తల సైట్‌లో అయిదు నెలలపాటు లక్షకి పైగా, కచ్చితంగా 1,01,281 కామెంట్లు తీసుకుని, కొన్నిటికి పుట్టగానే ఒక ఉత్తుత్తి ప్లస్ ఓటు, కొన్నిటికి మైనస్ ఓటు, ఏ గుణమూ చూడకుండా తగిలించారు. ప్లస్ పడ్డవాటికి ఆ తర్వాత చూసిన మొదటి మనిషి కూడా ప్లస్ వేసే అవకాశం 32 శాతం పెరిగింది, చివరికి మొత్తం రేటింగ్ సగటున 25 శాతం ఎక్కువగా తేలింది. మైనస్ పడ్డవాటిని జనమే సరిదిద్దేశారు. తప్పుగా తిట్టినదాన్ని దిద్దుతాం, తప్పుగా పొగిడినదాన్ని వదిలేస్తాం. నా 41లో బాట్లు కాని ఒకరిద్దరు ఉన్నా, వాళ్లు కూడా అంకె చూసే వేశారేమోనని ఇది చదివాక అనిపించింది.

సైట్లు చేసేవి చాలానే ఉన్నాయి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకరికే వరసపెట్టి వేసిన ఓట్లని పసిగట్టి రద్దు చేసే స్క్రిప్ట్ రోజూ నడుస్తుంది. రెడిట్‌లో చూపించే అంకెని కావాలనే కాస్త అటూ ఇటూ చేస్తారు, తన ఓటు లెక్కలోకి వచ్చిందో లేదో బాట్‌కి తెలియకూడదని. బాట్లని ఆపడానికి అంకెనే కొంచెం అబద్ధం చేయాల్సి వచ్చిందన్నమాట.

ఇక మీ చివరి ప్రశ్న. పెట్టుకోకండి అనే చెబుతాను. పవర్ వృథా అయితే కానివ్వండి, నాది ఇప్పుడు రోజూ నిండుగానే పడి ఉంటుంది. వారానికి నాలుగైదు ఓట్లు వేస్తాను, అంతే. ఒక మినహాయింపు ఉంది. కొన్నిచోట్ల నలుగురైదుగురు కొత్తవాళ్ల రాతలు చదివి, ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు రాసి ఓటేస్తారు, మిగతావాళ్ల ఓట్లు వాళ్ల వెంట నడుస్తాయి. అక్కడ చదివినవాళ్లెవరో తెలుస్తుంది, తప్పయితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. దాన్ని నేను ఒప్పుకుంటాను.

మీకు పడ్డ ఓట్లలో ఏవి నిజమో తెలుసుకోవాలంటే అంకె చూడకండి, లిస్టు తెరవండి. వేరువేరు వేళల్లో పెట్టిన మూడు పోస్టులు పక్కపక్కన పెట్టుకుని, అవే పేర్లు అదే నిమిషంలో ఉన్నాయేమో చూస్తే చాలావరకు తేలిపోతుంది. కామెంట్లలో పోస్టు మధ్యలోని మాటని పట్టుకుని అడిగినవాళ్ల పేర్లు రాసిపెట్టుకోండి. నా లిస్టులో తొమ్మిది మంది ఉన్నారు, మొదటి పేరు ‘అందువల్ల ఏమిటండీ’ ఆవిడది. మీ సైట్‌లో ఓటేసినవాళ్ల పేర్లు, టైములు బయటికి కనిపిస్తాయో లేదో మీరు రాయలేదు. కనిపించకపోతే ఈ టైముల పద్ధతి పనిచేయదు, కామెంట్లే దిక్కు.