కొండ మీద ఖాళీ స్థలం, క్యాంపర్‌లో రెండు రోజులు: ఏ పని ముందు పెట్టుకోవాలి?

కొండవాలులో స్థలం కొన్నామని, అక్కడ కరెంటు, నీళ్లు, సరైన దారి ఏవీ లేవని, శని ఆదివారాలు క్యాంపర్‌లో (పడక, వంట వసతి ఉన్న బండిలో) ఉండి పనులు మొదలుపెడితే ఎంతవరకు అవుతాయని అడిగారు. మేమిద్దరం కొన్నేళ్లుగా అలాంటి స్థలంలోనే ఇలా పని చేసుకుంటున్నాం. ఆ అనుభవంతో చెబుతున్నాను.

రెండు రోజులు చేతిలో ఉన్నాయని లెక్క వేసుకోకండి. పార పట్టుకుని నిజంగా పని చేసేది మహా అయితే ఎనిమిది, పది గంటలు. బండి పైకి ఎక్కించడం, మట్టం చేసుకోవడం, వంట, గిన్నెలు, సామాను దించి మళ్లీ సర్దడం, వీటికే మిగతా టైమంతా పోతుంది. పైగా కొండల్లో వెలుగు మైదానంలో ఉన్నంతసేపు ఉండదు. పడమట గట్టు ఉంటే సూర్యుడు చాలా ముందే దాని వెనక్కి దిగిపోతాడు. అందుకే ఒక్కో వారాంతానికి ఒక్క పనే పెట్టుకోండి. ఆ పనుల్లో మొట్టమొదటిది వాన నీళ్లకు దారి చూపడం. ఈ మాట మాత్రం గట్టిగా చెప్పగలను.

కొత్తగా స్థలం కొన్నవాళ్లు ఎక్కువగా తుప్పలు కొట్టి చదును చేయడంతో మొదలుపెడతారు. సాయంత్రానికి పని కళ్లకు కనిపిస్తుంది కాబట్టి అది సహజమే. కానీ వాలు మీద మట్టిని పట్టి ఉంచేది ఆ వేళ్లే. వాటిని తీసేసి వదిలేస్తే ఒక్క పెద్ద వానకే పైమట్టి కొట్టుకుపోతుంది, దాంతోపాటు మీ దారి కూడా. మేం ఏం చేశామంటే, మొదట్లో పనిముట్లు బండిలోనే ఉంచి, వాన వెలిసిన వెంటనే స్థలమంతా నడిచాం. నీళ్లు ఎటు పోయాయో నేలే చెబుతుంది. పొదల మొదళ్ల దగ్గర పై వైపున ఆకులు, పుల్లలు కట్టలా పేరుకుని ఉంటాయి. వేళ్లు బయటపడిన చోట ప్రవాహం జోరుగా పోయినట్టు. సన్న ఇసుక, ఒండ్రు పరుచుకున్న చోట అది నెమ్మదించినట్టు. అలాంటి ప్రతిచోటా ఒక కర్ర పాతి రంగు గుడ్డ కట్టండి. ఆ కర్రలన్నీ కలిపి చూస్తే క్యాంపర్ ఎక్కడ పెట్టకూడదో, రేపు ఇల్లు ఎక్కడ కట్టకూడదో తెలిసిపోతుంది.

ఎత్తుపల్లాలు కొలవడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. మనిషెత్తు కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టండి, కాళ్లు ఎడంగా పెట్టి నడుమ ఒక అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయండి. దీన్నే ఏ-ఫ్రేమ్ అంటారు. నిలబెట్టినప్పుడు దారం అడ్డకర్రను ఎక్కడ తాకిందో గీత పెట్టండి. తర్వాత కాళ్లు అటుదిటు మార్చి, అవే రెండు గుర్తుల మీద నిలబెట్టి ఇంకో గీత పెట్టండి. ఆ రెండు గీతలకూ సరిగ్గా మధ్యలో మూడో గీత. దారం ఆ మధ్య గీత మీద ఆగిందంటే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఇక ఒక కాలు కదలకుండా ఉంచి రెండోది తిప్పుకుంటూ, మట్టం కుదిరిన ప్రతిచోటా మేకు పాతుకుంటూ పోవడమే. గంటలో వాలు మీద ఒక మట్టం గీత కళ్ల ముందు తయారవుతుంది. మొదటిసారి ఆ మేకుల వరస చూసినప్పుడు ఆ స్థలం మాకు అర్థమవుతోందనిపించింది. గాలి గట్టిగా వీస్తే రాయి ఊగుతూనే ఉంటుంది, పొద్దున్నే పెట్టుకోవాల్సిన పని ఇది.

దారి మీద కాలువలు తవ్వడానికి కూడా ఆ ఏ-ఫ్రేమే పనికొస్తుంది. దారి నిటారుగా ఎక్కుతుంటే నీళ్లు చక్రాల గాడిలో పడి పరుగెత్తి, గాడిని ఇంకా లోతు చేస్తాయి. మధ్యమధ్యలో దారికి అడ్డంగా, కాస్త ఏటవాలుగా చిన్న కాలువ తీసి, తవ్విన మట్టిని దిగువ వైపు గట్టుగా దిమ్మిస్తే నీళ్లు పక్కకు తిరుగుతాయి. వాలు ఎక్కువయ్యేకొద్దీ ఇవి దగ్గర దగ్గరగా ఉండాలి. కాలువ చివర నీళ్లు ఒట్టి మట్టి మీద పడకుండా రాళ్లు పరవండి, లేకపోతే అక్కడ కొత్త గండి పడుతుంది. ఇద్దరు గునపం, పారతో దిగితే ఒక వారాంతంలో ఇలాంటివి కొన్ని తప్పకుండా అవుతాయి. అయితే వీటన్నిటికంటే ముందు హద్దు రాళ్లు సర్వే కాగితంతో సరిచూసుకోండి. పక్కవాళ్ల నేలలో కాలువ తవ్వినా, మన నీళ్లు వాళ్ల మీదికి మళ్లించినా తగాదా అవుతుంది. సొంత స్థలంలోనైనా బండి పెట్టుకుని ఉండటానికి కొన్నిచోట్ల నిబంధనలుంటాయి, అవీ ముందే కనుక్కోండి.

ఇక క్యాంపర్ సంగతి. ఇంకా రెండు గంటల వెలుగు ఉండగానే స్థలానికి చేరుకోవాలి. దారిని ముందు కాలినడకన చూసి, బండి తిప్పుకోవడానికి చోటుందని తేల్చుకున్నాకే పైకి ఎక్కించండి. దిగే వైపుకు ముఖం పెట్టి ఆపుకుంటే రాత్రి అవసరం పడినా వెంటనే కదలొచ్చు. ఎండిన వంకలో ఎంత చదునుగా ఉన్నా పెట్టొద్దు. తల పైకెత్తి ఎండు కొమ్మలున్నాయేమో చూడండి. ఎత్తైన ఎండుగడ్డి మీద ఆపడం కూడా ప్రమాదమే, సైలెన్సర్ వేడికి గడ్డి అంటుకోవచ్చు. పల్లంలో ఉన్న చదును చూడ్డానికి బాగుంటుంది కానీ రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారి అక్కడే నిలుస్తుంది. దానికంటే కాస్త పైన, వాలు మధ్యలో పెట్టుకుంటే మేలు. మామూలుగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద ఊళ్లో చూసుకున్న వాతావరణ సూచనకు ఈ లెక్క కలుపుకోండి.

బండిని మట్టం చేయడం నిద్ర కోసమే కాదు. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌లో అమ్మోనియా ద్రావణం దాని బరువు మీదే కిందికి పారుతుంది, బండి ఒరిగి ఉంటే ఆ ఫ్రిజ్ సరిగ్గా పనిచేయదు, పాడైపోవచ్చు కూడా. మొదట పల్లం వైపు చక్రం కింద పలకలు వేసి ఎత్తు సరిచేసుకుని, తర్వాత చక్రాలకు అడ్డు పెట్టి, ఆఖర్న మూలల్లో జాక్‌లు దించాలి. ఆ జాక్‌లు బండి ఊగకుండా ఆపడానికే తప్ప బరువు ఎత్తడానికి కాదు. మెత్తటి నేలైతే వాటి కింద వెడల్పాటి చెక్కలు వేయండి.

నీళ్లు మనిషికి రోజుకు 10 లీటర్లు పెట్టుకోండి. ఎండలో తవ్వుతుంటే అందులో నాలుగు లీటర్లు తాగడానికే అవుతాయి. లీటరంటే కిలో బరువు, కాబట్టి నిండు ట్యాంకుతో గతుకుల దారి ఎక్కడం కంటే 20 లీటర్ల క్యాన్లే నయం. దారి పాడైతే చేతుల మీద మోసుకుపోవచ్చు. గిన్నెలు కడిగిన నీళ్లు వాగుకు కనీసం 60 మీటర్ల దూరంలో పారబోయండి.

కరెంటు గురించి అందరూ టెన్షన్ పడతారు కానీ లెక్క వేసుకుంటే తేలికే. 12 వోల్ట్‌ల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సుమారు 1200 వాట్ అవర్లు (వోల్ట్‌లను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే లెక్క) ఉంటాయి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం కంటే ఎక్కువ వాడకూడదు, అంటే మీకు మిగిలేది 600. పవర్ టూల్ బ్యాటరీ 18 వోల్ట్‌లు, 5 ఆంపియర్ అవర్‌ది ఒకటి నిండటానికి 90 వాట్ అవర్లు కావాలి. ఇన్వర్టర్‌లో పోయేది, రాత్రి లైట్లు తీసేస్తే నాలుగైదు చార్జింగ్‌లు వస్తాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే ఇంకా ఎక్కువ వాడుకోవచ్చు కానీ సున్నా డిగ్రీల లోపు దాన్ని చార్జ్ చేయొద్దు. సోలార్ ప్యానెల్ మీద ఒక మూల చెట్టు నీడ పడినా రావాల్సిన కరెంటు బాగా పడిపోతుంది. ప్యానెల్‌ను బండి పైకప్పుకు బిగించే కంటే విడిగా పెట్టుకుని ఎండ వెంట జరుపుకోవడమే చెట్లున్న చోట మంచిది.

రాత్రి చలి గురించి మాత్రం అశ్రద్ధ వద్దు. చలికి తలుపులన్నీ బిగించి లోపల స్టవ్ వెలిగించి వెచ్చబెట్టుకోవడం, నిప్పుల కుంపటి పెట్టుకోవడం ప్రాణాల మీదికి తెస్తాయి. అలా మండినప్పుడు వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. దాని అలారం ఒకటి, గ్యాస్ లీకు అలారం ఒకటి పెట్టించండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి గ్యాస్ అలారం నేలకు దగ్గరగా ఉండాలి. జనరేటర్ ఉంటే కిటికీలకు దూరంగా, గాలి మీ వైపు రాని చోట పెట్టండి. బండి పైకప్పులో గాలి ఆడే వెంట్ ఎప్పుడూ కాస్త తెరిచే ఉంచండి. దానివల్ల ఊపిరి తేమ గోడల మీద నీళ్లుగా పట్టడం కూడా తగ్గుతుంది. బ్యూటేన్ డబ్బాల స్టవ్ గడ్డకట్టే చలిలో దాదాపు వెలగదు, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం ఆపేస్తుంది. ప్రొపేన్‌కు ఆ ఇబ్బంది లేదు, అది మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది.

మా ఇద్దరి మధ్య ఒక నియమం ఉంది: ఒక్కరమే ఉన్నప్పుడు చైన్‌సా ముట్టుకోం, సూర్యుడు గట్టు దాటాక గొడ్డలి కూడా పట్టం. అలసిన చేతులతో వాలు మీద కాలు జారితే సాయం గంటల దూరంలో ఉంటుంది. స్థలం అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసి తలుపు లోపల అంటించాం. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, కానీ ఫోన్ చేయాలంటే సిగ్నల్ దొరికే చోటు కావాలి. వెళ్లిన మొదటి రోజే ఆ చోటు వెతికి గుర్తుపెట్టుకోండి. ఆదివారం ఎన్నింటికి కిందికి దిగుతారో ఇంట్లో ఒకరికి చెప్పి, ఆ టైముకి ఫోన్ రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పి వెళ్లండి.

ఆదివారం మధ్యాహ్నానికల్లా పనిముట్లు కింద పెట్టేయండి. ట్యాంకు ఖాళీ చేయడం, గ్యాస్ కట్టేయడం, జాక్‌లు ఎత్తడం, ఇవన్నీ వెలుగులోనే అవ్వాలి. క్యాంపర్‌ను అక్కడే వదిలేసేటట్టయితే తినేవి ఒక్క ముక్క కూడా ఉంచొద్దు. వాసనకు ఎలుకలు చేరితే వైర్లు కొరికేస్తాయి. దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజిన్ బిగువు మీదే దించండి, బ్రేకు అదే పనిగా తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది.

దారి ఎంత పొడవుందో, వాలు ఎటు చూస్తుందో రాయండి. కాలువలు ఎక్కడెక్కడ తీస్తే మంచిదో నాకు తోచింది చెబుతాను.