భయం నుంచా, భయం వల్లా?

సందేహం: డిగ్రీ పిల్లల కోసం మతం పుట్టుక గురించి వ్యాసం రాస్తూ ‘మతం భయం నుంచి పుట్టింది’ అన్నాను. మా సహోద్యోగి ‘భయం వల్ల’ అని దిద్దారు. ఏది సరైనది?
– ఒక అధ్యాపకురాలు, పర్లాకిమిడి (ఒడిశా)

సమాధానం: దిద్దినవారి వైపే నేను. ‘నుంచి’ బయలుదేరిన చోటును చెబుతుంది, ‘వల్ల’ కారణాన్ని చెబుతుంది. ‘గుణుపురం నుంచి వచ్చాను, వాన వల్ల ఆలస్యమైంది’ అంటాం. తారుమారు చేస్తే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. మీ వైపు ఈ తడబాటుకు ఒడియా తోడవుతుంది. అందులో ‘గాఁరు’ అంటే ఊరి నుంచి, ‘కారణరు’ అంటే కారణం వల్ల. రెండు పనులకూ ‘రు’ ఒక్కటే. (కోస్తా పత్రికలదీ ఇదే జబ్బు. వారిది ఇంగ్లీషు చలవ.)

అలాగని ‘నుంచి’ని పూర్తిగా కొట్టేయకండి. సిద్ధాంతం మారితే విభక్తీ మారాలి. భయమే మొదట దేవతలను చేసిందన్న రోమన్ కవి స్టేషియస్‌కు ‘వల్ల’ చాలు. క్రీ.పూ. 300 ప్రాంతపు గ్రీకు రచయిత యూహెమెరస్ ప్రకారం దేవతలంటే ఒకప్పటి రాజులూ వీరులే. మనిషే దేవతగా మారాడు కనుక ‘వీరుల నుంచి దేవతలు పుట్టారు’ అని నిక్షేపంగా రాయవచ్చు. వేదాన్ని ఒప్పుకోని నాస్తికులు చార్వాకులకు ‘చేత’ కావాలి, అది చేసినవారిని చెబుతుంది. దర్శనాలన్నిటినీ పరిచయం చేసే సంస్కృత గ్రంథం సర్వదర్శనసంగ్రహం వారి మాటగా ఇచ్చిన శ్లోకంలో వేదానికి ‘కర్తారః’ (చేసినవారు) భండులు (విదూషకులు), ధూర్తులు, నిశాచరులు. కర్తలని చెప్పి మరీ తిట్టినచోట ‘ధూర్తుల వల్ల’ అంటే తిట్టు చప్పబడుతుంది.

ఇంగ్లీషు మానవశాస్త్రవేత్త టైలర్ దగ్గర కాస్త ఆగాలి. కలలో కనబడే మనుషులు, శవానికీ ప్రాణమున్న ఒంటికీ ఉన్న తేడా ఆదిమానవుణ్ణి ఆలోచనలో పడేశాయని ఆయన 1871లో వాదించాడు. ‘కలల వల్ల ఆత్మ అనే ఊహ కలిగింది, ఆ ఊహ నుంచి మతం పెరిగింది’ అని రాయండి, రెండింటికీ చోటుంది. మీ కొండల్లోని సవరలు, గిడుగు రామమూర్తి ఎవరి భాషకు నిఘంటువు కూర్చారో వారే, చనిపోయినవారిని ‘సోనుమ్’ అంటారు. వారి సంప్రదాయంలో పూనకం వచ్చిన స్త్రీ నోట సోనుమ్ మాట్లాడుతుంటే, బంధువులు చుట్టూ చేరి ఏం కావాలో అడుగుతారు, వాదిస్తారు, ఏడుస్తారు. టైలర్ దాన్ని తన సాక్ష్యమే అనుకునేవాడు. నాకు మాత్రం అందులో ఊహ కంటే పలకరింపే ఎక్కువ కనిపిస్తుంది.

ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త దుర్ఖైమ్‌కు (1912) ‘లో’ నప్పుతుంది: మతం కూడికలో, జనమంతా ఒక్కటై ఊగిపోయే ఉద్వేగంలో పుట్టింది. బరంపురం ఠాకురాణి జాతర చూసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

‘భయంతో పుట్టింది’ అని మాత్రం రాయకండి. పాపం మతమే బిక్కుబిక్కుమంటూ పుట్టినట్టు అవుతుంది.