మంచివాళ్లే ఖాళీ చేసిపోతున్నారు!

ప్రశ్న: ఒంగోలు లాయర్‌పేటలో మా పై పోర్షన్ అద్దె 9,000. ఏటా పది శాతం పెంచుతాను, అందరూ చేసేదే కదండీ. అయినా మంచివాళ్లు 11 నెలలు కాగానే ఖాళీ చేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: అద్దె అగ్రిమెంటు 11 నెలలకు రాసుకోవడం ఒక అలవాటు, అంతేగానీ అది అద్దె పెంచే గడువు కాదండీ. మీరు పెంచే 900తో ఏడాదికి వచ్చేది 10,800, ఇల్లు నెలన్నర ఖాళీగా ఉంటే పోయేది 13,500, రంగులు, బ్రోకరు ఖర్చు అదనం. టైముకి అద్దె ఇచ్చేవాళ్లకి ఈసారి పెంచకండి. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ డబ్బులు ఎవరివో ముందే తేల్చుకోండి, సగం గొడవలు అక్కడే. మోటారు కాలితే ఆ రోజే మెకానిక్‌ని పిలవండి. ఇంకోటి, వాళ్లింటికి చుట్టాలొస్తే మెట్ల దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టే అలవాటుంటే (చాలామందికి ఉంది లెండి) మానేయండి.