షామొనీ లోయలో మౌంటెన్ బైకింగ్: ముందు తేదీలు మార్చుకోండి

జులై చివర్లో ఓ వారం ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని షామొనీలో ఉంటామని, ఇద్దరికీ అడవి ట్రెయిల్స్ కొంత అలవాటేనని, రోజుకు 40 కిలోమీటర్లు తొక్కేలా ప్లాన్ వేశామని రాశారు. టికెట్లు ఇంకా కొనలేదన్నారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: జులై వద్దు, సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో వెళ్లండి. నేను వేసవి రద్దీలోనూ తొక్కాను, సెప్టెంబరులోనూ తొక్కాను. రెండూ ఒకే లోయ అంటే నమ్మబుద్ధి కాదు.

దీనికి కారణం అక్కడి నిబంధన. జులై, ఆగస్టు నెలల్లో ఆ లోయలోని చాలా కాలిబాటల మీదకు సైకిళ్లను రానివ్వరు. సైకిళ్ల కోసమే గుర్తులు పెట్టిన కొన్ని దారులు మాత్రం మిగులుతాయి. మోఁ బ్లాఁ పర్వతం చుట్టూ నడిచేవాళ్లు ఆ రెండు నెలల్లోనే వేలల్లో వస్తారు కాబట్టి ఆ నిబంధన న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఇరుకు బాటలో పిల్లల్ని వెంటబెట్టుకుని ఎదురొచ్చే కుటుంబాన్ని చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది. సెప్టెంబరు రాగానే అడవిలోంచి దిగే మంచి బాటలు చాలావరకు మళ్లీ సైకిళ్లకు తెరుచుకుంటాయి. ఎగ్వీ రూజ్ అభయారణ్యంలో మాత్రం ఏ నెలలోనూ సైకిల్‌కు అనుమతి లేదు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన జీపీఎస్ ట్రాక్ అందులోంచి వెళ్తుంటే దాన్ని పక్కన పెట్టేయండి. ఊళ్లోని టూరిస్ట్ ఆఫీసులో సైకిల్ దారుల మ్యాపు అడిగి తీసుకుని, దాని మీదే రోజువారీ ప్లాన్ గీసుకోండి.

జూన్ రెండో సగం కూడా ఫరవాలేదు కానీ, 2,000 మీటర్ల పైన ఉత్తరం వైపు వాలుల్లో అప్పటికీ మంచు మిగిలి ఉండొచ్చు. ఇక ఆగస్టు చివరి వారంలో యూటీఎంబీ అనే పెద్ద పర్వత పరుగు పందెం జరుగుతుంది. ఆ వారం గదులు దొరకడమే గగనం. అది ముగిశాక ఊరు ఊపిరి పీల్చుకుంటుంది, అప్పుడు దిగండి. ఒక్క జాగ్రత్త: సెప్టెంబరు మధ్య నుంచి కేబుల్ కార్లు, చెయిర్‌లిఫ్టులు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఏ లిఫ్ట్ ఏ తేదీ వరకు నడుస్తుందో, అందులో సైకిల్ ఎక్కించనిస్తారో లేదో చూసుకున్నాకే గది బుక్ చేయండి. 3,842 మీటర్ల ఎగ్వీ ద్యు మిది శిఖరానికి వెళ్లే కేబుల్ కార్‌లో సైకిల్ ఎక్కించరు. విశ్రాంతి రోజున దానికి ఉత్త చేతులతో వెళ్లి రండి, తప్పకుండా.

రోజుకు 40 కిలోమీటర్ల లెక్క అక్కడ పనికిరాదు. లెక్కించాల్సింది ఎత్తు. లోయ పై చివరన ఉన్న ల తూర్ ఊరు సుమారు 1,450 మీటర్ల ఎత్తులో ఉంటుంది, దాని పైన స్విట్జర్లాండ్ సరిహద్దు మీదున్న కోల్ ద బామ్ కనుమ దాదాపు 2,200 మీటర్లు. దూరం చూస్తే కొంచెమే, కానీ 750 మీటర్లు ఎక్కాలి. కొంత తొక్కుతూ, కొంత తోస్తూ వెళ్తే మామూలు రైడర్‌కు రెండు గంటలు సులువుగా పడుతుంది. మీరు చెప్పిన అనుభవానికి రోజుకు 600 నుంచి 800 మీటర్ల ఎక్కుడు చాలు, మిగతాది లిఫ్ట్ మీద వదిలేయండి. మొదటి రోజు సగం పూట మాత్రమే తొక్కండి.

ఎక్కడం కంటే దిగడమే ఒళ్లు హూనం చేస్తుంది, ఇది అక్కడికి వెళ్లేదాకా చాలామందికి తెలియదు. ఆగకుండా వెయ్యి మీటర్లు దిగితే ముంజేతులు బిగుసుకుపోతాయి, బ్రేక్ లివర్ మీద వేళ్లు మాట వినవు. వాన పడ్డాక అడవిలో బాటకు అడ్డంగా పాకిన చెట్ల వేళ్లు నున్నగా, సబ్బు రాసినట్టు ఉంటాయి. వాటి మీద బ్రేక్ వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ముందే వేగం తగ్గించుకుని, చక్రాన్ని వీలైనంత తిన్నగా వాటి మీదుగా దాటించాలి. బయల్దేరే ముందే కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయించుకోండి, ఇంకో రెండు జతలు సంచిలో పెట్టుకోండి. వెనక బ్రేక్ డిస్క్ 160 మిల్లీమీటర్లదైతే, ఫ్రేమ్ ఒప్పుకుంటే 180కి మార్పించండి. మీ ఫ్రేమ్‌కు సరిపోయే డెరెయిలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న ముక్క) కూడా ఒకటి వెంట ఉండాలి. అది ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి అక్కడి షాపులో దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఈ-బైక్ ఆలోచన ఉంటే అక్కడే అద్దెకు తీసుకోండి, ఆ బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు.

వాతావరణం విషయంలో నేను ఏమాత్రం రాజీపడను. ఎండాకాలంలో మధ్యాహ్నం దాటాక ఉరుములు, మెరుపులు రావడం ఆల్ప్స్‌లో మామూలే, సెప్టెంబరులో కొంత తగ్గుతాయి. ఒకసారి కోల్ ద బామ్‌కు ఇంకాస్త దూరం ఉండగా పడమటి వైపు మబ్బులు నల్లబడ్డాయి. నా పక్కనున్న స్నేహితుడు "ఇంత దూరం వచ్చాం కదా" అన్నాడు. అయినా తిరిగి దిగిపోయాం. ల తూర్ చేరేసరికి పైన వడగళ్లు పడుతున్నాయి. చెట్లు లేని ఆ గట్టు మీద తలదాచుకునే చోటు వెతకడం చాలా కష్టం. అందుకే పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఎత్తు దిగేలా చూసుకోండి. కింద ఎండగా ఉన్నా పైన పది డిగ్రీలు తక్కువ ఉండొచ్చు, రెయిన్ జాకెట్, పూర్తి వేళ్ల గ్లవ్స్ ఎప్పుడూ సంచిలో ఉండాలి.

కనుమ దాటి స్విస్ వైపు త్రియాఁ ఊరికి దిగాలనుకుంటే ఇన్సూరెన్స్ కాగితం మరోసారి చదవండి. ఫ్రాన్స్ కొండల్లో ప్రభుత్వ రక్షణ బృందం వచ్చి తీసుకెళ్తే సాధారణంగా బిల్లు వేయరు. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ ఖర్చు మనమీదే పడుతుంది. మౌంటెన్ బైకింగ్, కొండల్లో రెస్క్యూ రెండూ పాలసీలో పేరుపెట్టి రాసి ఉండాలి. అత్యవసర నంబరు రెండు వైపులా 112. పాస్‌పోర్ట్ కూడా వెంట ఉంచుకోండి.

లోయలో తిరగడానికి కారు అక్కర్లేదు. బస చేసే చోట ఇచ్చే గెస్ట్ కార్డుతో సెర్వో ఊరి నుంచి వలోర్సీన్ ఊరి దాకా రైలు ఉచితం. చోటుంటే సైకిల్‌ను అందులోనే ఎక్కించుకోవచ్చు, సాయంత్రం రద్దీకి ముందే ఎక్కితే మంచిది. మీ సైకిళ్ల మోడల్, టైర్ల సైజు రాస్తే ఏ దారితో మొదలుపెట్టాలో చెబుతాను.