అద్దె కడుతున్నాడని అబ్బాయిని తొందరపెట్టకండి మాస్టారూ

ప్రశ్న: మాది నల్గొండ. ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, వచ్చే మార్చిలో రిటైరవుతున్నాను. మా అబ్బాయికి 26 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మూడేళ్ల అనుభవం. నెలకు 95 వేలు చేతికొస్తాయి. స్నేహితులతో కలిసి కొండాపూర్‌లో అద్దెకుంటున్నాడు. నా రిటైర్మెంట్ డబ్బు కలిపి, శివార్లలో కడుతున్న 75 లక్షల ఫ్లాట్ తీసుకుందామంటే ‘ఇప్పుడే వద్దు నాన్నా’ అంటున్నాడు. నెలనెలా కట్టే అద్దె బూడిదలో పోసిన పన్నీరు కాదా? సంబంధాల వాళ్లు కూడా ముందు అడిగేది హైదరాబాద్‌లో ఇల్లుందా అనే. ఈ నెలాఖరులోపు 20 లక్షలు కడితే చదరపు అడుగుకు 500 తగ్గిస్తామని బిల్డర్ మనుషులు రోజూ ఫోన్ చేస్తున్నారు. మీరైనా వాడికి నచ్చజెప్పండి.

జవాబు: మాస్టారూ, నేను మీ అబ్బాయి పక్షమే. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

75 లక్షల ఫ్లాట్ 75 లక్షలకు రాదు. ఇంకా కడుతున్నది కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 3.75 లక్షలు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. పూర్తి ధర మీద రిజిస్ట్రేషన్ చేయిస్తే అది మరో 5.6 లక్షలు. ఇంత ధరకు బ్యాంకు ఇచ్చేది 80 శాతం వరకే, అంటే 60 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ లెక్కలోకి రాదు. అన్నీ కలిపితే మీ చేతినుంచి పడేది 24 లక్షల పైమాటే. ఉడ్‌వర్క్, ఫ్యాన్లు, లైట్లు ఇంకా వేరే.

60 లక్షల లోన్‌కు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 52 వేలు. మొదటి నెల అందులో 42,500 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది తొమ్మిదిన్నర వేలు. ఐదేళ్లలో 31 లక్షలు కడతాడు. అసలుకు జమయ్యేది 7 లక్షలు, మిగతా 24 లక్షలూ వడ్డీ. అదే ఫ్లాట్‌లో 22 వేల అద్దెకు ఉంటే, ఓనరు ఏటా 5 శాతం పెంచుకుంటూ పోయినా ఐదేళ్లకు అయ్యేది 14.6 లక్షలు. పన్నీరు ఎక్కడ ఎక్కువ పోస్తున్నామో చూడండి.

ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగొచ్చు, ఆ లెక్కా వేశాను. అద్దెకుంటే మీ 24 లక్షలూ, ఈఎంఐకీ అద్దెకూ మధ్య మిగిలే సొమ్మూ 7 శాతం వడ్డీకి వేసుకున్నారనుకుందాం. ఈ ఐదేళ్ల పోటీలో ఫ్లాట్ గెలవాలంటే దాని ధర ఏటా 7 శాతానికి పైగా పెరగాలి, అమ్మబోయిన రోజు కొనేవాడు దొరకాలి. కొన్ని ఏరియాల్లో అలా పెరిగిన మాట నిజం. పక్కనే కొత్త టవర్లు లేస్తుంటే పాత ఫ్లాట్‌ను అడిగే నాథుడు లేని చోట్లూ ఉన్నాయి. పైగా తాళాలు చేతికొచ్చే వరకూ అబ్బాయి ఒక పక్క అద్దె, మరో పక్క లోన్ రెండూ కట్టాలి. పన్ను కలిసొస్తుందని బిల్డర్ మనుషులు చెప్పే ఉంటారు. కొత్త పన్ను విధానంలో తామే ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు.

ఇక నా పని ఉద్యోగాల సంగతి చూడటం కాబట్టి, నన్ను నిజంగా భయపెట్టేది చెబుతాను.

కొన్నేళ్ల కిందట మీ అబ్బాయి ఈడువాడే ఒకడు నా దగ్గరికి వచ్చాడు. మాన్యువల్ టెస్టింగ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయేమో చేత్తో పరీక్షించే పనిలో ఉండేవాడు. రాత్రుళ్లు కూర్చుని డేటా ఇంజినీరింగ్ నేర్చుకుని, బెంగళూరులో ఒక కంపెనీలో ఇంటర్వ్యూ పాసయ్యాడు. జీతం మాత్రం ఉన్నదానికంటే పది వేలు తక్కువ. రెండేళ్లు ఓపిక పడితే రెట్టింపయ్యే దారి అది, ఆ సంగతి వాడికీ తెలుసు. నా ఎదురుగా కూర్చుని ఫోన్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్ తీశాడు. ముప్పయ్యో తారీఖున జీతం పడింది, ఐదో తారీఖున 46 వేల ఈఎంఐ పోయింది, పన్నెండో తారీఖుకు ఖాతాలో 3,140 రూపాయలు. ప్రతి నెలా అదే వరస. “సార్, పది వేలు తగ్గితే ఐదో తారీఖు దాటదు” అన్నాడు. ఆ ఆఫర్ వదులుకున్నాడు. తర్వాత వాడి కంపెనీలో మనుషుల్ని తగ్గించినప్పుడు మొదట కదిలింది టెస్టింగ్ టీమే. ఆ కుర్రవాడి ముఖం నేనింకా మరచిపోలేదు.

మూడేళ్ల అనుభవం ఉన్నవాడి అసలైన ఆస్తి వాడి జీతం పెరిగే వేగం. రాబోయే ఐదారేళ్లలో కంపెనీ మారాలి, ఒక్కోసారి ఊరు మారాలి, ఆన్‌సైట్ వస్తే వెళ్లాలి, కొత్తది నేర్చుకోవడానికి జీతం కాస్త తగ్గినా ఒప్పుకోగలగాలి. 95 వేలలో 52 వేలు ఈఎంఐకి పోతే వీటిలో ఏదీ కుదరదు. మేనేజరు అన్యాయంగా మాట్లాడినా నోరెత్తలేడు. వడ్డీ కూడా నిలకడగా ఉండదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. అప్పుడు ఈఎంఐ మారకపోయినా ఎంతోమందికి లోన్ గడువు ఏళ్లకు ఏళ్లు సాగింది.

సంబంధాల మాటకొస్తే, వచ్చే కోడలికీ ఉద్యోగం ఉండొచ్చు. ఆమె ఆఫీసు ఉప్పల్‌లో ఉంటే? పుణెలో ఉంటే? ఇద్దరూ కలిసి ఎక్కడుండాలో తేల్చుకోకముందే మనం ఇల్లు తేల్చేస్తే, రోజూ రెండేసి గంటలు ట్రాఫిక్‌లో గడిపేది వాళ్లే. అడిగిన పెద్దలకు అప్పు లేదు, పొదుపు ఇంత ఉంది అని ధైర్యంగా చెప్పండి. ఆడపిల్ల తండ్రికి ఆ మాట విలువ తెలుస్తుంది.

బిల్డర్‌కు మాత్రం ఆ 20 లక్షలు ఏ పరిస్థితిలోనూ కట్టకండి. 2016 నాటి రెరా చట్టం (ఇళ్లు కట్టి అమ్మేవాళ్లను నియంత్రించే చట్టం) ప్రకారం అమ్మకపు అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ ఫ్లాట్‌కు అది 7.5 లక్షలు. నెలాఖరు గడువు పెట్టి 20 అడుగుతున్నారంటేనే జాగ్రత్తపడాలి. ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.

సొంతిల్లు వద్దని నేననడం లేదు. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనరుని అడగాలి, ఆయన ఖాళీ చేయమంటే పిల్లల బడి మధ్యలో సామాను సర్దాలి. ఆ బాధ చిన్నది కాదు. అందుకే కొనే రోజు రావాలి. ఇద్దరి ఉద్యోగాలూ కుదురుకుని, ఆ ఏరియాలో ఏడెనిమిదేళ్లు ఉంటామని నమ్మకం కలిగి, ఈఎంఐ ఇంటి ఆదాయంలో మూడో వంతు దాటకుండా, ఆరు నెలల ఈఎంఐ విడిగా బ్యాంకులో ఉన్నప్పుడు కొనమనండి. అప్పుడు అద్దె ఇల్లు వదలమని నేనే చెబుతాను.

మీ గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి వచ్చే సొమ్ము) డబ్బు అప్పటిదాకా మీ పేరునే, అమ్మగారి పేరునే ఉండనివ్వండి. అబ్బాయిని మాత్రం ఊరికే వదలొద్దు. వచ్చే నెల నుంచి పాతిక వేలు ‘ఇంటి డబ్బు’ అని విడిగా వేయమనండి, రికరింగ్ డిపాజిట్ అయినా సరే. ఏడాది తర్వాత ఆ ఖాతా మీరిద్దరూ కలిసి చూడండి. పన్నెండు నెలలూ తప్పకుండా వేశాడంటే ఈఎంఐ కట్టే అలవాటు వచ్చినట్టే. ఎప్పుడు, ఎక్కడ కొనాలో అప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం.