కష్టం చేసే మనిషికి గుండెపోటు ఎందుకొస్తుంది?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. నేను హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాను. నాన్నకి 54 ఏళ్ళు, జీడితోటల్లో కూలికి వెళ్తాడు. సన్నటి మనిషి, షుగర్ లేదు. ఒక రాత్రి గుండెల్లో బరువుగా ఉందంటే గ్యాస్ అనుకుని అమ్మ సోడా తాగించింది. తెల్లారాక ఆర్ఎంపీతో ఇంజెక్షన్ చేయించారు, తగ్గకపోతే పలాస, అక్కణ్ణుంచి శ్రీకాకుళం తీసుకెళ్ళారు. స్టెంట్ వేశారు, బతికాడు. ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది కదా అని మాత్రలు ఒకరోజు వేసుకుంటే రెండ్రోజులు మానేస్తున్నాడు. ఎండలో కష్టపడే మనిషికి ఈ జబ్బేంటి? నా మీద బెంగతోనే వచ్చిందని ఊళ్ళో అంటున్నారు, నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ముందు మాత్రల సంగతి. ఈ పేజీ చదవగానే నాన్నకి ఫోన్ చెయ్యండి. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు సొంతంగా మానేస్తే ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు, రెండోసారి ఆసుపత్రి దాకా వెళ్ళే టైమ్ దొరక్కపోవచ్చు కూడా. ఏది ఎన్నాళ్ళు వాడాలో స్టెంట్ వేసిన డాక్టరే చెప్పాలి. ఒకవేళ డబ్బుల కోసం మానేస్తున్నాడేమో, అది మీతో అనడు, మీరే అడగండి. వైద్యసేవ కార్డు మీద ఆపరేషన్ జరిగుంటే, తర్వాతి చెకప్‌లకీ మందులకీ ఏం వస్తుందో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్ర చెప్తారు.

ఇక బెంగ. మనసు మీద ఒత్తిడి గుండెజబ్బుకి ఒక కారణమే, 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో చూసి ఆ మాట చెప్పింది. కానీ అదే అధ్యయనం పొగాకు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ లాంటివన్నీ పక్కపక్కనే పెట్టింది, మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు మిగతావాళ్ళ కంటే ఐదారేళ్ళు ముందే వస్తోందనీ చూపించింది. ఊళ్ళో ఏడాది పొడుగునా పని ఉంటే మీరు హైదరాబాద్ వెళ్ళేవారే కాదు. పొట్ట చేత్తో పట్టుకుని వెళ్ళిన కొడుకు మీద తండ్రి జబ్బు మోపడం అన్యాయం, ఆ మాట అన్నవాళ్ళని పట్టించుకోకండి.

ఒళ్ళు వంచి పనిచేస్తే గుండెకి మంచిదే, అయితే బీడీ, చుట్ట చేసే చెడుని ఆ కష్టం పోగొట్టలేదు. ఎప్పుడూ చూపించుకోని బీపీని తగ్గించెయ్యలేదు. ఇంకోటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: రోజంతా నడుం వంచి పనిచేసిన మనిషి రాత్రికి మెడికల్ షాపులో ఒళ్ళునొప్పుల గోళీ కొనుక్కుంటాడు, మర్నాడు మళ్ళీ పనికి పోవాలి కాబట్టి. డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి మింగితే బీపీ పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది, గుండెపోటు ప్రమాదమూ పెరుగుతుంది. ఇప్పుడు నాన్న అవి అస్సలు ముట్టుకోకూడదు. మీ ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందిని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, కిడ్నీ పాడైనవాళ్ళలో గుండె కూడా తొందరగా పాడవుతుంది. అందుకని ఈసారి చెకప్‌లో కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించండి. తిండి సంగతికొస్తే చోడంబలి (రాగి అంబలి) పోయి మూడు పూటలా అన్నమే అయింది, పక్కన ఎండుచేపో పచ్చడో, అంటే ఉప్పే. కూరగాయలు కొనలేక తినే తిండి అది, సరదాకి తినేది కాదు.

2014లో ప్యూర్ అనే అధ్యయనం 17 దేశాల్లో, మన దేశంతో సహా, పట్నాలనీ పల్లెలనీ పోల్చి చూసింది. బీపీ, బరువు లాంటి ప్రమాదాలు ఎక్కువగా ఉన్నది పట్నాల్లో. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువగా వచ్చింది మాత్రం పల్లెల్లో! వచ్చాక చనిపోయినవాళ్ళు పట్నాల్లో నూటికి 13, 14 మంది అయితే పల్లెల్లో 17 మంది. నాకు దీంట్లో కనిపించేది మీ ఇంట్లో గడిచిన ఆ రాత్రే. ఆటో ఎవరిది, చేతిలో ఎంతుంది, తోడు ఎవరొస్తారు, రేపటి కూలి పోతుందే అని లెక్కేసుకునేసరికి తెల్లారిపోతుంది. కొండమీది గూడేల్లో అయితే డోలీ కట్టి రోడ్డు దాకా మొయ్యాలి. అమ్మని ఒక్క మాట కూడా అనకండి. బీపీ మాత్రలు సబ్‌సెంటర్లో ఉచితమే, 30 దాటినవాళ్ళకి బీపీ, షుగర్ పరీక్షలూ అక్కడ చేస్తారు, కానీ పొద్దున్నే పనిలోకి పోయేవాళ్ళకి ఆ వేళల్లో వెళ్ళడమంటే ఒక రోజు కూలి వదులుకోవడమే. ఏఎన్ఎమ్‌లు సాయంత్రం వేళ, కూలీలు ఇంటికొచ్చాక బీపీ చూసే ఏర్పాటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. మీ ఊళ్ళో ఆశా కార్యకర్తని అడిగి చూడండి, నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది.

ఒక పని ఇవాళే చెయ్యండి. దగ్గర్లో రాత్రిపూట ఈసీజీ తీసేది ఎక్కడ, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఏ ప్రభుత్వాసుపత్రిలో ఉంది, కనుక్కుని అమ్మకి చెప్పండి. ఆ ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల్లోపు పడాలి, మొదటి గంటా రెండు గంటల్లో పడితే గుండె కండరం చాలావరకు దక్కుతుంది. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికి లాగడం ఉంటే సోడా లేదు, ఆర్ఎంపీ లేదు, నేరుగా 108. ఆర్ఎంపీతో గొడవ అక్కర్లేదు, ఇలాంటి కేసు వస్తే ఆపకుండా పంపించెయ్యమని ముందే చెప్పి ఉంచండి. మీరు కూడా 30 దాటి ఉంటే అక్కడి బస్తీ దవాఖానాలో బీపీ చూపించుకోండి, డబ్బులు తీసుకోరు.

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా పూసపాటిరేగ దగ్గర, సముద్రం ఒడ్డున. అమ్మకి 58, చిన్నప్పట్నుంచీ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగుతుంది. ఈమధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం, వెన్నులో నొప్పి. ఆడవాళ్ళకి గుండెజబ్బు రాదులే అంటోంది.

జవాబు: వస్తుందమ్మా. నెలసరి ఆగిపోయాక ఇంకా ఎక్కువ వస్తుంది. చుట్ట నిప్పు లోపల పెట్టుకున్నా బయట పెట్టుకున్నా పొగాకు గుండెకి చేసే చెడు ఒకటే, పైగా అడ్డపొగతో అంగిట్లో క్యాన్సర్ కూడా వస్తుంది. ఆడవాళ్ళలో ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వెన్నునొప్పి, దవడ లాగడం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు, అందుకే ఇంట్లో వాళ్ళు వయసు మీద పడిందిలే అని వదిలేస్తారు. తన కోసం ఖర్చెందుకని అమ్మ తనే వెనకాడుతుంది కూడా. ఈ వారంలోనే ఈసీజీ, బీపీ, షుగర్ చూపించండి, నోరు కూడా చూడమని డాక్టర్‌ని అడగండి. కూర్చుని ఉండగా ఆయాసం వచ్చినా, ఆ నొప్పి చెమటలతో వచ్చినా వారం దాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.