గాజు ఫర్నేస్ పరిశోధనకు ప్రభుత్వ డబ్బు ఎందుకు?

విశాఖలో ఇంజినీరింగ్ చదివే ఒకరు అడిగారు: ఇంధనం ఆదా అయితే లాభం గాజు కంపెనీలదే, మరి పరిశోధన ఖర్చు ప్రభుత్వం ఎందుకు పంచుకోవాలి?

అసలు చిక్కు ఫర్నేస్‌లోనే, అంటే గాజును కరిగించే కొలిమిలోనే ఉంది. గాజు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల వేడి కావాలి. పెద్ద ఫర్నేస్‌ని ఒకసారి వెలిగిస్తే పదేళ్లకు పైగా ఆర్పరు. ఆరితే గాజు లోపలే గడ్డకడుతుంది, ఇటుకలు పగులుతాయి. అలాంటి దానిమీద కొత్త బర్నర్ ప్రయోగం చేద్దామంటే ఏ యజమాని ఒప్పుకుంటాడు? అందుకే ప్రభుత్వం, కంపెనీలు కలిసి ఉమ్మడి ఖర్చుతో చిన్న ఫర్నేస్ కట్టి, అక్కడ పరీక్షిస్తారు. అమెరికాలో మంటను నేరుగా కరిగిన గాజులోకే పంపే పద్ధతిని ఇంధన శాఖ, గ్యాస్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్, కార్నింగ్, ఓవెన్స్ కార్నింగ్ లాంటి గాజు కంపెనీలు కలిసే పరీక్షించాయి.

ఇంధనం ఆదాకి గాలికి బదులు ఆక్సిజన్‌తో మండించడం ఇంకో దారి. గాలిలో 78 శాతం నైట్రోజనే. దాన్ని ఊరికే వేడిచేసి చిమ్నీలోంచి వదిలేయడం దండగ. కాకపోతే ఆక్సిజన్ తయారీకి కరెంటు బాగా కాలుతుంది. ఆక్సిజన్ బాగా వాడే స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్లు ఎవరైనా తెలిసుంటే అడగండి, చెబుతారు.

మన దేశంలో ఆగ్రా దగ్గర, చేతి గాజుల తయారీకి పేరున్న ఫిరోజాబాద్ చూడండి. 1996లో సుప్రీంకోర్టు తాజ్‌మహల్ చుట్టుపక్కల బొగ్గు వాడొద్దంది. గాజుల బట్టీలు గ్యాస్‌కి మారాల్సి వచ్చింది. పొగ వేడిని తిరిగి వాడుకునే గ్యాస్ ఫర్నేస్‌ని స్విస్ ప్రభుత్వ సాయంతో ఢిల్లీలోని టెరి అనే ఇంధన పరిశోధన సంస్థ తయారుచేసింది. చిన్న బట్టీవాళ్లు సొంతంగా చేయించుకోగలిగే పని కాదది.